ఇరవై మూడో చిలుక

“దశరథం ఇల్లు గిదేనా అమ్మా?”

కోటలాంటి గడి గుమ్మంలో నిలబడి అడిగాడు ఆ మనిషి. తలకు రుమాలు, భుజాన గొంగడి. ఎడమ కాలు ఈడుస్తున్నాడు.

నర్సింగమ్మకు ఒళ్ళు మండింది. దొర గడినే కొన్న తన మొగుణ్ణి పట్టుకుని ఒట్టి పేరుతో పిలవడమేమిటి?

“గిదే. మల్లయ్య మేస్త్రి పంపిండా? సున్నం పనికేనా?”

అతను గుమ్మం లోపలికి తొంగిచూశాడు.

“దశరథం మంచిగున్నడా?”

“మంచిగుండక ఏమైతది? నకిరేకల్ పోయిండు, పొద్దుగూకినంక వస్తడు. నువ్వు జల్ది కుంచె అందుకో. ఇయ్యాల గీ గది తేలాలె.”

అతను నవ్వి కుంచె అందుకున్నాడు.

రంగుల విషయంలో నర్సింగమ్మకు ఎదురులేదు. చీర కొనాలంటే కేతేపల్లి ఆడవాళ్ళు సగంమంది ఆమెను వెంటబెట్టుకుని పోయేవారు. ఇప్పుడు ఆమె చేతికి చిక్కింది అలాంటిలాంటి గది కాదు, దొర పడకగది. పన్నెండేళ్ళ కింద తన మీద తిరగబడ్డ దశరథం కోసం ఊరూరా మనుషులను తిప్పిన దొర, మంచమేసుకుని పడుకున్న గది. కాలం తిరగబడింది. దొర పట్నం చేరాడు, గడి అమ్మకానికొచ్చింది. గురువారం గృహప్రవేశం. దొర ఆనవాలు ఒక్కటి కూడా ఆ గదిలో మిగలకూడదని ఆమె పట్టుదల.

“కింద గోడలకు గులాబి పూల కాయితం అంటిస్తరు, పట్నం నుంచి తెప్పిచ్చిన. మీదికెల్లి నీలం. గా మూలకు కుక్కను కట్టే కడియం పీకేస్తరు. గచ్చు చిలుకలను రేపు చెక్కి పారేస్తరు.”

గోడల పైఅంచున గది చుట్టూ గచ్చుతో తీర్చిన తీగ, తీగ నిండా చిలుకలు. ఏ కాలం నాటి నగిషీయో, ముక్కులు కూడా అరగలేదు.

అతను తలెత్తి చూశాడు. ఊరికే చూడటం కాదు, చాలాకాలానికి కలిసిన చుట్టాలను చూసినట్టు చూశాడు.

“చిలుకలను కొట్టకుండ్రమ్మా. జర పచ్చరంగు ముట్టిస్తె పాణమొస్తది.”

“దొర చిలుకలు నాకెందుకు?”

“అవి దొరయి కావమ్మా. ఇరవై మూడున్నయి. ఒక్కటి గూడ దొర చెప్పిన మాట పలుకలే.”

నర్సింగమ్మ తగ్గే రకమా! వేలు చూపి వరసగా లెక్కపెట్టింది.

“ఇరవై రెండే.”

“నిలవడి చూస్తె ఇరవై రెండే. గా మూలకు పండుకోని చూడాలె. దూలం ఎనుక తోకలేనిదొకటుంటది.”

ఆమెకు అనుమానం పుట్టింది. దొర గదిలో కూలివాడు తలెత్తితేనే తప్పయ్యే రోజుల్లో, ఇతను తాపీగా పడుకుని చిలుకలు లెక్కపెట్టాడన్నమాట.

“గంత తీరిక నీకెవలిచ్చిండ్రు?”

“దొరనే.”

“అంటె నువ్వు దొర మనిషివా?”

“తొమ్మిది దినాలున్న గీ గదిల.”

“తొమ్మిది దినాలైతేంది, తొమ్మిదేండ్లైతేంది? దొర ఉప్పు తిన్నోనివే గదా!”

అతను మళ్ళీ నవ్వాడు.

“ఉప్పుకు తక్కువ చెయ్యలేదమ్మా.”

ఆ నవ్వుతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“దొర మనుషులు మా ఇంటాయన పాణాలకు తిరిగిండ్రు. నువ్వు గీ గోడ ముట్టద్దు. నడువ్!”

అతను కుంచె ఆమె చేతికిచ్చి, గొంగడి సర్దుకున్నాడు.

“దశరథం బతికి బాగుపడ్డడు. గదే సాలు.”

కాలు ఈడ్చుకుంటూ సూర్యాపేట బస్సు కోసం రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.

పొద్దుగూకుతుండగా దశరథం వచ్చాడు. నర్సింగమ్మ గొప్పగా చెప్పింది.

“దొర మనిషినొకణ్ణి ఎల్లగొట్టిన. గిసొంటోళ్ళను పంపొద్దని మల్లయ్యకు చెప్పు.”

“మల్లయ్య మనుషులు రేపు గదా వచ్చేది?”

“మరి గాయన ఎవలు? చిలుకలు ఇరవై మూడంటడు. మూలకు పండుకుంటె కనవడుతదట. ఉండు, ఆయన అబద్ధం ఇప్పుడే తేలుస్త.”

మూలన వెల్లకిలా పడుకుంది. దూలం వెనుక తీగ వంపులో, తోకలేని చిలుక.

“అగో, నిజంగనే ఉన్నది!”

దశరథం పైకి చూడలేదు. ఆమె తల పక్కన, గోడకు దిగ్గొట్టిన ఇనుప కడియాన్ని చూస్తున్నాడు.

“ఎడమ కాలు ఈడుస్తుండెనా?”

“అవు. నీకెట్ల ఎర్క?”

“పేరేం చెప్పిండు?”

వచ్చినవాడికి కాయితం గురించి చెప్పింది, నీలం గురించి చెప్పింది. పేరు మాత్రం అడగలేదు నర్సింగమ్మ.

లేచి గుమ్మం దాకా ఉరికింది. రోడ్డు మీద ఎవరూ లేరు. బస్సు మధ్యాహ్నమే పోయింది.

తిరిగొచ్చేసరికి దశరథం ఆ మూలనే కూలబడి, కడియం చేత్తో పట్టుకుని ఉన్నాడు.

“నా చీటీలు మోసిన మనిషే గని, ఆయన మొఖం నేను గూడ చూడలే. చచ్చిపోయిండన్నరు. గడిల కట్టేసిండ్రని విన్న గని, ఏ గదో తెల్వకపాయె. కాలిరగ్గొట్టి పుండ్లకు ఉప్పు రాసిండ్రట. అయినా నోరిప్పలేదట.”

నర్సింగమ్మ అతని పక్కనే కూర్చుంది.

“ఏం అడిగిండ్రు?”

“దొర మంచంల పండుకోని, తొమ్మిది దినాలు ఒక్కటే మాట అడిగిండట... దశరథం యాడున్నడని.”