సూదికి ముందు అరగంట

ఇంజెక్షన్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాలి. చల్లదనం పోయాకే పొడవాలి. లిఫ్టు మెకానిక్‌కి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసే తీయలేదు.

ఏడింటికి ఆమె వచ్చి ఫ్రిజ్ తెరిచింది.

"ఇవాళ కూడా మర్చిపోయారా?"

"ఏం చేయను, మతిమరుపు."

మతిమరుపూ లేదు, మన్నూ లేదు. మందు చల్లదనం పోయేదాకా ఆమె ఎదురుగా కూర్చుంటుంది. అతనికి కావలసింది అంతే.

రోజుకో సూది, ఐదు రోజులు. ఎముకల్లో దాక్కున్న మూలకణాల్ని ఆ మందు రక్తంలోకి తరుముతుంది. ఐదోనాడు యంత్రం వాటిని ఏరుకుంటుంది. తర్వాత రక్తక్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్న తమ్ముడికి ఎక్కిస్తారు. అవి అందకపోతే తమ్ముడు దక్కడు. అన్నదమ్ములకు ఆరేళ్ళుగా మాటల్లేవు. అయినా పరీక్షల్లో సరిపోయింది ఇతనొక్కడే.

పాతిక అంతస్తుల లిఫ్టు గోతిలోకి ఈల వేసుకుంటూ దిగే మనిషి, సూదిని చూస్తే పిల్లిలా అయిపోతాడు. అందుకే ఆమె నర్సు దగ్గర నేర్చుకుని రోజూ వస్తోంది. పొడవడం అయిందంటే చాలు, ఆసుపత్రికి పరిగెడుతుంది. ఆ తర్వాత ఇల్లు బావురుమంటుంది.

"నడుము బాగా లాగుతోందా?"

"లిఫ్టు నామీదే దిగినట్టుంది."

ఆమె ఫక్కున నవ్వింది. పెళ్ళైన కొత్తలో ఇతనేమన్నా ఇలాగే నవ్వేది. అతనితో ఎనిమిదేళ్ళు కాపురం చేసిన ఇల్లు కదా, పళ్ళెం ఎక్కడుందో అడక్కుండానే తీసుకుని నారింజ ఒలిచింది. తొనల మీది పీచు కూడా తీసింది. అతనికి పీచు గిట్టదు. అది ఆమెకు గుర్తున్నందుకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

ఐదోనాడు రెండు చేతులకూ గొట్టాలు తగిలించుకుని నాలుగు గంటలు కదలకుండా పడుకున్నాడు. ముక్కు దురద పెడితే ఆమే గోకింది.

"ఇవి చాలకపోతే ఇంకో సూది పొడవాలి. రేపు మళ్ళీ రావాల్సి ఉంటుంది" అంది నర్సు.

చాలకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది. అవతల ఉన్నది తోడబుట్టినవాడి ప్రాణం. ఇంకో అరగంట కోసం ఇంత దిగజారాలా అని తిట్టుకున్నాడు. చాలాలి, చాలాలి అని పైకే గొణిగాడు.

సాయంత్రానికి నర్సు కాగితం పట్టుకుని వచ్చింది.

"సరిపోయాయండీ. ఇక సూదులక్కర్లేదు."

ఆమె గోడకానుకుని భోరుమంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, అతని మంచం దగ్గరికి వచ్చి చేతులు జోడించింది.

"మా ఆయన్ని బతికించారు, బావగారూ."