బ్రాకెట్ ఇల్లు

"ఇది కాపీ కాకపోతే మరేంటి మాస్టారూ?"

హెడ్‌మిస్ట్రెస్ జవాబు పత్రాల కట్టను బల్ల మీద ఆయన ముందుకు తోసింది. "పైనున్న పన్నెండూ చూశాను. పన్నెండు మందీ ఒకే తప్పు. మూడో ప్రశ్న."

లెక్కల మాస్టారు పై కాగితం తీశారు. (a + b)² విలువ రాయమన్న చోట a² + ab + b² అని ఉంది. రెండో కాగితం చూశారు. అదే. మూడోదీ అదే.

"మధ్యలో రెండు ఎగిరిపోయింది. ఒకడు మర్చిపోయాడంటే సరే. అందరికీ ఒకే చోట మతిమరుపు వస్తుందా? ఎనిమిదో తరగతి మొత్తానికి పరీక్ష రద్దు చేస్తున్నాను. కాపీ కొట్టారని ఒక్కొక్కళ్ల రికార్డులోనూ రాస్తాను. ఈ రిపోర్టు మీద సంతకం పెట్టండి."

ఆయన పెన్ను అందుకున్నారు. మూత తీయలేదు.

"క్లాస్ లీడర్ని ఒక్కసారి పిలిపించండి."

లీడర్ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఈ ఫార్ములా ఎలా గుర్తుపెట్టుకున్నావో మేడమ్‌కి చెప్పమ్మా," అన్నారు మాస్టారు.

"సార్ చెప్పిన కిటుకే మేడమ్. బ్రాకెట్ అంటే ఇల్లు. లోపల ఎ నాన్న, బి అమ్మ. తలుపు తీస్తే నాన్న తన స్క్వేర్‌తో, అమ్మ తన స్క్వేర్‌తో బయటికొస్తారు. మధ్యలో పిల్లలు. వాళ్లలో కాస్త నాన్న పోలిక, కాస్త అమ్మ పోలిక ఉంటాయి కాబట్టి ఎబి." చెప్పేకొద్దీ ఆ పిల్లకి భయం తగ్గింది. "మైనస్ ఉందనుకోండి, అమ్మానాన్న పోట్లాడుకున్నట్టు. వాళ్లిద్దరూ ప్లస్‌లో బాగానే ఉంటారు మేడమ్, మధ్యలో పిల్లలే మైనస్‌లో పడతారు."

హెడ్‌మిస్ట్రెస్ నవ్వు ఆపుకుంది. "పిల్లలు ఎంతమంది?"

ఆ పిల్ల మాస్టారి వంక చూసి తల దించుకుంది.

"నిన్నే. ఎంతమంది?"

"ఇద్దరు మేడమ్."

"అంటే తెలిసే తప్పు రాశావా?"

"సార్ సెలవు నుంచి వచ్చిన రోజు బోర్డు మీద ఒట్టి ఎబి రాశారు మేడమ్. మధ్యలో ఒక్క పాపే అన్నారు. వెనక బెంచీ వాడు అడగబోతే చొక్కా పట్టి కూర్చోబెట్టాం. పేపర్లు దిద్దేది సారే కదా, ఆయన రాసినట్టే రాద్దామనుకున్నాం." గొంతు తగ్గించింది. "రెండు మార్కులే కదా మేడమ్. పోతే పోయాయి."

హెడ్‌మిస్ట్రెస్ ఆ పిల్లని పంపేసి తలుపు దగ్గరగా వేసింది.

"మీ పెద్దపాప పోయి రెండు నెలలైనా కాలేదు. ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండమని చెప్పానా లేదా?"

"ఇంట్లో ఏం చేయాలో తెలియలేదు మేడమ్."

"అలా రాసినట్టు గుర్తుందా మీకు?"

"లేదు," అన్నారాయన, హాజరు పిలిచే గొంతుతో.

"కాపీ కాదని నేను పైవాళ్లకి చెప్పాలంటే తప్పు ఎవరిదో రాయాలి. రాస్తే ఈ క్లాసు మీకు ఉండదు మాస్టారూ. ఆలోచించుకోండి."

ఆయన పెన్ను మూత తీశారు. కాపీ అన్న మాట కొట్టేశారు. 'బోర్డు మీద తప్పు రాసింది నేనే. పిల్లల తప్పేమీ లేదు' అని రాసి సంతకం చేశారు. ఇవాళ తేదీ ఎంతో అడిగి అదీ వేశారు.

"ఈ కట్ట ఒక్కటీ దిద్ది ఇచ్చేస్తాను."

స్టాఫ్ రూములో ఎవరూ లేరు. ఎవరో పెట్టి వెళ్లిన టీ మీద మీగడ కట్టింది. మాస్టారు మూడో ప్రశ్న దగ్గర ఎర్ర సిరాతో ab ముందు 2 చేర్చి, రెండు మార్కులూ వేశారు. తర్వాతి కాగితంలోనూ 2 చేర్చారు. ఆ తర్వాత దానిలోనూ. పది దాటాక చెయ్యి దానంతట అదే రాసుకుపోయింది. ఏ పేపరు ఎవరిదో ఆయన చూడలేదు.

అన్నిటికన్నా కిందున్న కాగితంలో చేర్చడానికేమీ లేదు. a² + 2ab + b² అని సరిగ్గానే ఉంది. టిక్కు పెట్టబోయి ఆగారు.

జవాబు కింద పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: 'అక్కా నేనూ, ఇద్దరం కదా నాన్నా.'