కారు దిగని మనిషి

"అమ్మా, ఇగ తమాషా బంద్ చెయ్. కారు తాళంచెవి ఇయ్యి," అన్నాడు మధు.

చంద్రమ్మ గడపకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. ఒళ్లో చాట. చేతులు బియ్యం ఏరుతున్నాయి కానీ కళ్లు కొడుకు మీదే ఉన్నాయి.

"ఇయ్య. నేనే దాసిన. ఏం చేస్తవో చేసుకో."

సరిత గోడకు ఆనుకుని అత్తనూ మొగుణ్నీ మార్చి మార్చి చూస్తోంది. బయట మహేశ్వరం వైపు ఆకాశం నేరేడు పండులా కమిలిపోయింది. ఎయిర్‌పోర్టులో దిగబోయిన విమానం ఒకటి ఆ మబ్బును చూసి మళ్లీ పైకి లేచిపోయింది.

"చూడు, విమానమే భయపడి మళ్లిపోయింది. నువ్వేమో ఎదురు పోతనంటవ్," అంది చంద్రమ్మ.

మధు ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు. బుద్ధిమంతుడనే పేరుంది. రోహిణి కార్తెలో మబ్బు కమ్మితే మాత్రం సెలవు పెట్టేసి, కెమెరా పట్టుకుని, కారులో పిడుగుల వెంట పడతాడు. గాలివాన ఏ ఊరి మీదికి పోతోందో లైవ్‌లో చెబుతాడు. అతడి మాట విని మేకల్ని కొట్టంలోకి తోలుకునేవాళ్లు ఉన్నారు. పిచ్చోడు అనేవాళ్లు అంతకంటే ఎక్కువున్నారు.

"ఏం మధూ, పిడుగేమన్న నీకు పిల్లనిచ్చిందా? గట్ల ఎంటవడ్తవ్," అన్నాడు పక్కింటి పెంటయ్య అరుగు మీద నుంచి.

"నేను కారు దిగితె కద మామా భయం."

పెళ్లయిన కొత్తలో సరితతోనూ ఇదే అన్నాడు. "అద్దాలు ఎక్కించుకుని కూసుంటే ఇనుప డబ్బాల ఉన్నట్టే. పిడుగు పడ్డా పైపైనే భూమిలకు పోతది. బయట ఉన్నోనికే ముప్పు. మెడ మీద వెంట్రుకలు లేసినయంటే ఇగ టైం లేనట్టే." అప్పటి నుంచి ఉరిమినప్పుడల్లా సరిత చెయ్యి తనకు తెలియకుండానే మెడ వెనక్కి పోతుంది. నిన్న రాత్రి మధు మీద తెల్లగుడ్డ కప్పినట్టు ఆమెకు కల వచ్చి లేచి కూర్చుంది. పొద్దున చెబితే అతడు నవ్వేశాడు.

మధు అలమర వెతికాడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కలియబెట్టాడు. సరిత కూడా పరుపు ఎత్తి చూసింది.

"ఏంది సరితా, కొంగు బొడ్ల దోపినవ్. నువ్వు గూడ కొట్లాటకు దిగినవా?"

సరితకు నవ్వు రాలేదు. "పోకు. ఒక్కపారి నా మాట ఇను."

"గిసొంటి మబ్బు ఏండ్లకోపారి వస్తది."

అప్పుడు అతడి చూపు తలుపు పక్కన మేకు మీద ఆగింది. స్కూటీ తాళంచెవి.

అతడు దాన్ని అందుకుంటుంటే సరిత చెయ్యి పట్టుకుంది. "వానల బండెక్కనని నాకు ఒట్టేసినవ్."

"కారు లేకుంట చేస్తే ఏం జెయ్యాలె మరి?" చాటను దాటి, తల్లిని దాటి, వెళ్లిపోయాడు.

గాలి లేచింది. కరెంటు పోయింది. సరిత ఫోన్‌లో లైవ్ పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. బొమ్మ ఊగిపోతోంది. కింద వరసగా మాటలు వచ్చి పడుతున్నాయి. 'పోయి సావు.' 'ఈనికి పెండ్లాం లేదా?' 'నీ శవాన్ని ఎవడు మోయాలె?'

లైవ్ ఆగిపోయింది. వెంటనే ఫోన్ మోగింది.

"సరితా... స్కూటీ ఆగిపోయింది. ఇంజన్ల నీళ్లు పోయినయ్." అతడి గొంతు అలా వణకడం ఆమె ఎప్పుడూ వినలేదు. "మహేశ్వరం తొవ్వల, కొత్త ప్లాట్ల కాడ ఉన్న. చెట్టు లేదు, గోడ లేదు. హద్దురాళ్లే ఉన్నయ్. గీ మైదానంల నేనే ఎత్తున్న. ఒంగి కూసున్న."

"లే. ఎటన్న ఉరుకు."

"ఎటు ఉరకాలె? చుట్టూ పడ్తున్నయ్. సరితా..." వాన చప్పుడు పెరిగింది. "మెడ మీద వెంట్రుకలు లేస్తున్నయే."

ఫోన్ కట్ అయింది.

కాసేపటికి మహేశ్వరం వైపు నుంచి చప్పుడొచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. సరిత మళ్లీ చేసింది. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. మోగుతూనే ఉంది.

పెంటయ్య గోనెసంచి నెత్తిన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, లైవ్ ఆగిపోయింది. నేను సూస్తనే ఉన్న. ఏడున్నడు వాడు?"

"మహేశ్వరం తొవ్వల. ఫోన్ ఎత్తుతలేడు," అంది సరిత.

"అయితే పోదాం పా. పిడుగులల్ల బండి మీద పోలేం, కారైతెనే పోగలం. నీకు నడపొస్తది కద బిడ్డా, మధు నేర్పిండు కద. అక్కా, తాళంచెవి తే. జల్ది."

చంద్రమ్మ ఒళ్లోంచి చాట జారింది. బియ్యం నేలంతా చెదిరిపోయాయి.

"నా తాన లేదు పెంటయ్యా."

"నువ్వే దాసినంటివి కద?"

"అబద్ధం చెప్పిన. పొద్దుగాల నుంచే కనబడ్తలేదు. పీడ పోయిందనుకున్న. నేను దాసిన అంటె వాడు ఎతుకుడు బంద్ చేసి ఇంట్ల కూసుంటడనుకున్న." నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మల్లన్న మీద ఒట్టు. అదేడున్నదో నాకెర్క లేదు."

"మరెవలు తీసిన్రు?"

చంద్రమ్మ కోడలి కోసం చూసింది. మంచం ఖాళీగా ఉంది. సరిత అప్పటికే వానలోకి దిగి కారు తలుపు దగ్గర నిలబడింది.

కొంగు ముడి విప్పి, కారు తాళం తీసింది.