సత్తిరాజు మేష్టారి బాణీ

ఆ సినిమా పాట ఆటోలో వినిపించినప్పుడల్లా సత్తిరాజు మేష్టారికి నీరసం వచ్చేది. అది ఆయన కట్టిన బాణీ. కొత్తపేట బడిలో పిల్లల చేత పాడించిన నాలుగేళ్లకి అచ్చం అలాగే సినిమాలో వచ్చింది. పదకొండేళ్లు సినిమా వాళ్లకి ఉత్తరాలు రాసి రాసి అలిసిపోయి, చివరికి లాయరు దగ్గరకు వెళ్లారు.

“ఇప్పుడు పాటలన్నీ ఒకలాగే ఉంటున్నాయి కదండీ. ఉన్నవి ఏడు స్వరాలే, అనుకోకుండా బాణీ కలిసిపోయిందంటారు సినిమా వాళ్లు. సినిమాకి ముందే మీ బాణీ విన్న మనిషిని తీసుకురండి” అన్నాడు లాయరు.

ఆనాటి బడి పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. మేష్టారు బస్సెక్కి కపిలేశ్వరపురంలో అక్కగారు వీరలక్ష్మి ఇంటికి వెళ్లారు. ఆవిడ మంచం పక్కన కూర్చుని ఆ బాణీ మెల్లగా పాడారు.

“సినిమా రాకముందు ఇది విన్నావా అక్కా?”

“ఎందుకు వినలేదూ!”

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. “కోర్టుకొచ్చి చెబుతావా?”

“చెబుతాను. నీకు రెండో ఏట కామెర్లొచ్చేయిరా. ఒకటే ఏడుపు. అమ్మ నిన్ను భుజానేసుకుని పొద్దస్తమానం ఇదే పాడేది. వరి ఊడ్పులకొచ్చే ఆడాళ్ల దగ్గర నేర్చుకుందంట.”



ఆయన మూడో ఏటే అమ్మ పోయింది. ఆవిడ జ్ఞాపకం ఒక్కటంటే ఒక్కటి కూడా తనకు మిగల్లేదనే ఇన్నాళ్లూ అనుకున్నారు.