పూజ చేసిన మోరిస్ మైనర్

"కొనేవాళ్లు బండి మూత ఎత్తి చూపించమంటే ఏం చేస్తావు?" అర్చన గొంతు తగ్గించి భర్తను అడిగింది.

"పొద్దున్నే ఆయుధపూజ చేసేసినా కదా," అన్నాడు గిరీష్. "ఈ పొద్దు పనిముట్లకు సెలవు. స్టార్ట్ చేయకూడదు, మూత ఎత్తకూడదు. ఎవురైనా ఒప్పుకోవాల్సిందే."

1951 నాటి మోరిస్ మైనర్. తొంభై ఎనిమిదిలో కూడా చామరాజపేటలో దానంత నిగనిగలాడే కారు ఇంకొకటి లేదు. సీట్లు, హారన్, అద్దాలు అన్నీ ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చినవే. లోపమల్లా ఒక్కటే, దానికి ఇంజన్ లేదు. గిరీష్ వాళ్ల నాన్న ఇరవై ఏళ్ల కిందట దాన్ని ఎవరికో అమ్మేసి, మిగిలిన కారును తాను చనిపోయేదాకా ప్రతి ఆదివారం తుడిచాడు.

ఇప్పుడు ఆ కారున్న షెడ్డు అర్చనకు కావాలి. దోసెపిండి వ్యాపారానికి కొన్న పెద్ద గ్రైండరు నెలరోజులుగా హాల్లో టీవీకి అడ్డంగా కూర్చుంది. దసరాలోపల కారు అమ్ముడుపోకపోతే పాత ఇనుము కొనే గుజరీవాడికి ఇచ్చేస్తానని తేల్చి చెప్పింది. నాన్న తుడిచిన కారును సుత్తులతో కొడుతుంటే గిరీష్ చూడలేడు.

దేవనహళ్ళి నుంచి నరసింహప్ప లారీతో సహా వచ్చాడు. ద్రాక్షతోటల ఆసామి, పాతకార్ల పిచ్చి ఉన్నవాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ముక్కు రవంత పైకెత్తుకోనుండాదే?"

"దొరల కాలం బండి కదన్నా, అట్లే ఉంటాది."

"అదీ నిజమే. స్టార్ట్ చేస్తావాప్పా?"

"ఈ పొద్దు ఆయుధపూజ..."

"మరిచేపోతి. వద్దులే. మూత కూడా ఎత్తొద్దు."

ఆర్సీ పుస్తకంలో ఇంజన్ నంబరు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. సరిచూస్తానంటాడేమోనని గిరీష్ జరిగి మూతకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన అడగలేదు. బేరం కూడా ఆడలేదు. ఆ మంచితనానికి సిగ్గేసి గిరీషే పదివేలు తగ్గించాడు.

"నీ ఇష్టమప్పా," అన్నాడు నరసింహప్ప.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి అందరూ తోశారు. కారు ఉయ్యాలలా కదిలింది.

"ఎంత తేలికుండాదప్పా."

"ఇంగ్లండ్ ఇనుమన్నా," అన్నాడు గిరీష్, చెమట తుడుచుకుంటూ.

కారు లారీ ఎక్కింది. నరసింహప్ప డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అర్చన అప్పుడే గ్రైండరుకు షెడ్డులో చోటు కొలుస్తోంది. గిరీష్‌కు ఇక మనసు ఒప్పలేదు. ఆయన ఇచ్చిన నోట్ల కట్టతో పరుగున వెళ్లి లారీ తలుపు పట్టుకున్నాడు.

"అన్నా, మీ దుడ్డు మీరు తీసుకోండి. మోసం చేసినా. ఆ బండిలో ఇంజన్ లేదు. మా నాయన ఎప్పుడో అమ్మేసినాడు."

అర్చన తల పట్టుకుంది. నరసింహప్ప మాత్రం నోట్లు ముట్టుకోలేదు. డ్రైవరును పోనిమ్మని సైగ చేసి, గిరీష్ చేతిమీద మెల్లగా తట్టాడు.

"తెలుసులేప్పా, ఆ ఇంజన్ కొన్నింది మా నాయనే."