ఏమీ చేయని తండా

"మేమేం చెయ్యలే సార్!"

"ఇక్కడెవరైనా కొత్తగా ఏమైనా చేశారా?" అని భాస్కర్ జీపులోంచే అడిగాడు. అతను కాలు కింద పెట్టకముందే ద్వాలి రెండు చేతులూ జోడించింది. అరవై ఏళ్ల మనిషి. తండా మొత్తం మీద కనిపిస్తున్నది ఆమె ఒక్కతే.

"ఏమీ చేయలేదా?" భాస్కర్ గబుక్కున జీపు దిగాడు. "అట్లా అంటే ఎట్లా అమ్మా? ఏదో ఒకటి చేసే ఉంటారు. కొంచెం గుర్తు తెచ్చుకోండి."

"నా పిల్లల మీద ఒట్టు. ఈ తండల ఎవ్వరం ఏం చెయ్యలే."

పాపం, అతను అడుగుతున్నది ఒకటి, ఆమెకు వినిపిస్తున్నది ఇంకొకటి.

సొంత బుర్రతో కొత్త పనిముట్లు తయారుచేసిన పల్లెటూరి వాళ్లను వెతికి పట్టుకోవడం, వాళ్ల చేత స్టార్టప్‌లు పెట్టించడం భాస్కర్ కాంట్రాక్టు ఉద్యోగం. భద్రాచలం అడవి అంచున ఉన్న ఈ మండలం నుంచి ఇప్పటిదాకా ఒక్క పేరూ పోలేదు. సాయంత్రం ఐదింటికి గడువు. ఈసారీ సున్నా పంపితే వచ్చే నెల నుంచి ఆఫీసుకు రానక్కర్లేదని పెద్దసారు ముఖం మీదే చెప్పేశాడు. మిగిలింది ఈ ఒక్క తండా. దారి బాగుండదని మండలాఫీసులో బతిమాలి మరీ జీపు తెచ్చుకున్నాడు.

పందిరి కింద సైకిల్ చక్రాల మీద ఏదో వింత యంత్రం కనిపించింది. భాస్కర్‌కు ప్రాణం లేచివచ్చింది.

"అదేంటమ్మా?"

ద్వాలి గబగబా వెళ్లి దాని మీద గోనెపట్టా కప్పేసింది. "అది మాది కాదు సార్."

"మరెవరిది?"

"ఎవలదో. పొద్దుగాల లేచి చూస్తే ఈడున్నది."

"భయపడకమ్మా. చేసినవాళ్లెవరో చెప్తే చాలు. పేరు రాసుకుంటా, ఫొటో తీసుకుంటా. పని బాగుంటే వాళ్లను హైదరాబాద్ తీసుకెళ్తాం."

ద్వాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిల్లలు గలోళ్లు సార్. తీస్కపోకుండ్రి."

"పది రోజులే అమ్మా! తిండి, పడక అన్నీ మేమే చూసుకుంటాం."

"అవ్, జైల్ల గట్లనే చూస్తరట."

భాస్కర్‌కు అప్పుడు వెలిగింది. నవ్వు రాలేదు సరికదా, ఏడుపు వచ్చినంత పనైంది. అరుగు మీద కూలబడ్డాడు.

"అమ్మా, నేను కేసులు పెట్టే ఫారెస్టోళ్ల మనిషిని కాదు, కరెంటోళ్ల మనిషినీ కాదు. తెలివైనవాళ్లకు సాయం ఇప్పించే మనిషిని. ఇవాళ ఒక్క పేరు రాసుకుపోకపోతే నా ఉద్యోగం పోతుంది. అంతే."

ద్వాలి ఆ ముఖంలోకి తేరిపార చూసింది. పట్టుకుపోవడానికి వచ్చినవాళ్లను ఆమె చాలామందిని చూసింది. వాళ్లలో ఇంత దిగాలుగా కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

"నీ కొలువు పోతదా బిడ్డా? గా ముక్క ముందుగాల చెప్పొద్దా!" సార్ అన్న నోరే బిడ్డా అంది. చెంబుతో నీళ్లిచ్చి, చెట్ల వైపు తిరిగి గట్టిగా కేకేసింది. "రాండ్రే! పట్టుకపోనీకి రాలే. ఈయన కొలువుకే ఎసరొచ్చింది!"

మోదుగ చెట్ల చాటు నుంచి జనం ఒక్కొక్కరే బయటికొచ్చారు. హీరాలాల్ అనే ఆయన నెత్తి మీద నీళ్ల మోటారు, మిగతావాళ్ల భుజాల మీద వైర్ల చుట్టలు, పైపులు. అందరికన్నా వెనక ద్వాలి కోడలు మంగ్లి వచ్చింది. చేతులకు గ్రీజు మరకలు.

భాస్కర్ ఆశగా గోనెపట్టా ఎత్తాడు. "ఇది నువ్వు చేసిందేనా చెల్లెమ్మా?"

"కొన్నదే సార్, సత్తుపల్లిల. చేనుకు మందు కొట్టే మిషిని. చక్రాలు పెట్టిన, గంతే."

ఉన్న ఒక్క ఆశా ఆవిరైపోయింది. ఫారం మడిచి జేబులో పెట్టుకుంటూ ఊరికే అడిగాడు. "ఇంతమంది, ఇన్ని సామాన్లు మోసుకుని ఎప్పుడు దాక్కున్నారు? నేను వస్తున్నట్టు ఎవరు చెప్పారు? ఇక్కడ ఫోన్ సిగ్నల్ కూడా లేదే!"

అందరూ మంగ్లి వైపు చూశారు. మంగ్లి అత్త వైపు చూసింది.

"చెప్పే. పాపం, కొలువు పోయేటోడు" అంది ద్వాలి.

"వాగు దాటినంక బాటల పాత ట్రాక్టర్ ట్యూబు పూడ్చిన సార్. బండెక్కితే గాలి నొక్కుకొని స్విచ్చి పడ్తది. ఆడికెల్లి చెట్ల మీదికెల్లి వైరు గుంజి ఇంట్ల ఒక చిన్న గంటకు, ఒక పెద్ద గంటకు కట్టిన. బరువు తక్కువుంటే చిన్న గంట, ఎక్కువుంటే పెద్దది. సోలార్ బ్యాటరీ మీద నడుస్తది."

"మీ ట్రాక్టర్లూ ఆ దారినే వస్తాయి కదా?"

"ట్రాక్టరయితే ముందు చక్రాలకు చిన్న గంట, ఎన్క చక్రాలకు పెద్ద గంట. జీపయితే రెండుసార్లూ చిన్నదే."

భాస్కర్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఫోన్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. జిల్లా మొత్తం తిరిగినా ఇలాంటిది దొరకలేదు. సంతోషం పట్టలేక మంగ్లికి దండం పెట్టినంత పని చేశాడు. మడిచిన ఫారం మళ్లీ తీసి జీపు బానెట్ మీద పరిచాడు. పేరు, ఊరు, యంత్రం పనిచేసే తీరు చకచకా రాసేశాడు. నాలుగు కూడా కాలేదు. ఐదింటికల్లా పంపేయొచ్చు.

"ఒక్క గడి మిగిలింది చెల్లెమ్మా. ఈ యంత్రం మీ తండాకున్న ఏ బాధ తీరుస్తోంది?"

మంగ్లి కొంగు అంచు వేలికి చుట్టుకుంది. హీరాలాల్ దగ్గాడు. ద్వాలి ఎటో చూసింది.

"మొహమాటం వద్దు. ఉన్న బాధ ఉన్నట్టు రాస్తేనే పైవాళ్లు ఒప్పుకుంటారు" అని భాస్కర్ పెన్ను పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"ఏమనుకోకుండ్రి సార్" అంది మంగ్లి మెల్లగా. "మీరొచ్చుడే."