తలుపు దగ్గర మనిషి

భోజనాల వేళ ఫోన్ కుయ్యిమంది.

ఇంజినీరమ్మ తెరిచి చూసింది. చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది.

ఫోటోలో తన ఇంటి తలుపు. దాని ముందు వంగి నిలబడ్డ ఒక మగమనిషి. ఉన్ని టోపీ, మాసిన గడ్డం, చెయ్యి తలుపు పిడి మీద.

ఆమె పనిచేసే పరిశోధనశాలలో వైర్లు లేకుండా ఒకదానికొకటి కబురు పంపుకునే సెన్సార్లు, చిన్న కెమెరాలు తయారుచేస్తారు. పరీక్షకని ఒక జత ఇంటికే తెచ్చి, సెన్సారు తలుపుకి, కెమెరా వరండాలో బిగించుకుంది. తలుపు కదలగానే సెన్సారు కెమెరాని లేపుతుంది, కెమెరా ఫోటో తీస్తుంది.

మొదట్లో గాలికి తలుపు కదిలినా చాలు, ఖాళీ వరండా ఫోటోలు వచ్చిపడి ప్రాణం తోడేశాయి. విసుగెత్తి, మనిషి ముఖం పడితేనే తనకు పంపమని ప్రోగ్రాం మార్చేసింది. అప్పటినుంచి హాయిగా ఉంది.

ఇప్పుడు ముఖం పడింది.

వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదే." అత్తగారి గొంతు బొంగురుగా ఉంది.

"పాపేది?"

"ఇదుగో, నా ఒళ్లోనే ఉంది. ఏంటమ్మా ఆ కంగారు?"

చెబితే ఆవిడ హడలిపోతుందని ఊరుకుంది.

సాయంత్రం ఫోటో చూసి భర్త నవ్వాడు. "పైవాటాలో కొత్తగా దిగినాయన. తన ఇల్లే అనుకుని ఉంటాడు."

"మెట్లెన్ని ఎక్కాడో తెలీదా మనిషికి?"

"నేను రెండుసార్లు పక్కింట్లోకి వెళ్లబోలేదూ? ఆవిడ చీపురు పట్టుకుని మరీ మర్యాద చేసింది."

ఆమెకు నవ్వు రాలేదు.

ఆ వారంలోనే మళ్లీ కుయ్యిమంది. అదే టోపీ. ఈసారి తలుపు సగం తీసి ఉంది. అతను లోపలికి తొంగి చూస్తున్నాడు.

ఈసారి భర్త కూడా నవ్వలేదు.

ఆమెకు తిండి సయించడం మానేసింది. ఎవరు పిలిచినా ఉలిక్కిపడేది. పాపని ఎత్తుకుని మెట్లు దిగిపోతున్న టోపీ మనిషి పనిలో ఉన్నా కళ్ల ముందే మెదిలేవాడు. రెండేళ్ల పిల్ల. ఎవరు చెయ్యి చాపినా వెళ్లిపోయే పిల్ల.

సెలవు రోజున ఇంటి ఓనరుని వెంటబెట్టుకుని, మెట్ల మీదే అతన్ని ఆపింది. ఫోన్ ముఖానికి ఆనించినంత పని చేసింది.

"మా తలుపు దగ్గర మీకేం పని?"

అతను ఫోటో చూశాడు. "అమ్మా, పాప..."

"పాప ఊసెత్తారంటే మర్యాదగా ఉండదు!"

అతని చూపు ఆమె భుజం మీదుగా గుమ్మంలోకి వెళ్లింది. అక్కడ అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చూడండి, పెద్దావిడ ఎలా వణికిపోతోందో," అన్నాడు ఓనరు.

అతను కాసేపు ఆవిడనే చూసి, తల దించుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. ఇక ఆ తలుపు జోలికి రాను."

తప్పు తనే ఒప్పుకున్నాక ఇంకేం మిగిలింది? ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. సంచులు సర్దుకుని సాయంత్రానికల్లా వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

తర్వాత ఫోన్ నోరెత్తలేదు. ఆమె కడుపునిండా తింది, కంటినిండా నిద్రపోయింది.

ఒక మధ్యాహ్నం అత్తగారి నుంచి ఫోన్.

"అమ్మాయ్... పాప కనిపించట్లేదు. తలుపు తీసుంది."

ఆమె ఫోన్‌లో వెతికింది. ఒక్క ఫోటో కూడా లేదు.

"వాడే! ఆ టోపీవాడే!" అని భర్తకి ఫోన్ చేసి అరిచింది. "పోలీసులకి చెప్పండి!"

పోలీసులు వచ్చేలోపే కిందింటివాళ్లు పాపని చూశారు. మెట్ల మలుపులో బోర్లా పడి ఉంది. చెవి వెనక నెత్తురు. పిలిస్తే పలకలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఎటూ తేల్చలేదు. "స్కాన్ చూడనివ్వండి."

బయట బల్ల మీద అత్తా కోడళ్లు కూర్చున్నారు. ఆమెకు చేతులు ఊరుకోలేదు. ముఖాలు లేవని ప్రోగ్రాం పక్కన పడేసిన ఫోటోలన్నీ తెరిచింది.

ఇవాళ్టిది ఖాళీ వరండా. కాదు, కింది అంచున గుప్పెడు జుట్టు.

ముఖాలు బాగా పడాలని కెమెరాని పెద్దవాళ్ల ఎత్తుకి బిగించింది తనే.

వెనకటి ఫోటోల్లోకి వెళ్లింది. టోపీ మనిషి ఫోటో వచ్చిన రోజు, అతనికంటే ముందు, అదే జుట్టు. రెండోసారి వచ్చిన రోజూ అంతే. అతను రాకముందే తలుపు తెరుచుకుంది.

అప్పుడే నర్సు బయటికొచ్చింది. "భయం లేదు. కళ్లు తెరిచింది."

ఆమె ఫోన్ అత్తగారి వైపు తిప్పింది. "అత్తయ్యా, ఏంటిది?"

ఆవిడ భోరుమంది.

"నాకు కునుకు పట్టినప్పుడు పిడి తిప్పుకుని మెట్ల దాకా పోయేదమ్మా. ఆయనే చెయ్యి పట్టుకుని తెచ్చి లోపల వదిలేవాడు. నీకు తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనివ్వవని, చెప్పొద్దని నేనే బతిమాలుకున్నాను... నా బదులు ఆయన ఇల్లు విడిచి పోయాడమ్మా."